గుండు టైర్లు

తిమ్మన్న కొడుకు భరత్‌కుమార్ కారు నా అంగట్లోకి రావాలంటే ముందు ఒక మనిషి దిగాల. రోడ్డుకీ నా జాగాకీ నడుమ జానెడు మిట్ట ఉంది. ట్రాక్టర్లు దాన్ని మిట్టని కూడా అనుకోవు. ఆ కారు పొట్ట మాత్రం నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. తగిలితే అడుగంతా గీసుకుపోతుంది. అందుకని శివరాజు దిగి, గోడకి ఆనించి పెట్టిన రెండు చెక్కలు తెచ్చి వేసి, వెనక్కి నడుస్తా "రా, రా, ఎడమకి, ఇంగ రొవ్వంత ఎడమకి" అని చేతులాడిస్తాడు. ఈనబోయే ఎనుమును కొట్టంలోకి తోలినట్టుగా ఉంటుంది ఆ తంతు. ఇంత చేసి లోపలికి తెచ్చుకునే బండి పేరు స్పోర్ట్స్ కారు.

వల్లూరు క్రాసులో టైర్ల అంగడి పెట్టి ఇరవయ్యారేండ్లయింది. మొదట్లో వేరుశనగ లారీలు వచ్చేవి. చేలన్నీ సోలార్ ప్యానెళ్ళయినాక ఆ లారీలు పోయి, ప్యానెళ్ళు కడిగే ట్రాక్టర్లు, కంపెనీ జీపులు వస్తున్నాయి. టైర్లలో దిగే జాలి తుమ్మ ముళ్ళు మాత్రం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నా కూడు వాటి నుంచే.

తిమ్మన్న తన చేలన్నీ సోలార్ పార్కుకి బాడుగకిచ్చినాడు. "భూమి ఎండలో పనిచేస్తాది, నేను నీడలో కూచుంటా" అని పదిమందికీ చెప్పుకుంటాడు. కొడుకు ఆ నీడలోనే పెరిగినాడు. తుమకూరులో ఇంజనీరింగు సగం చదివి, బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన ఈ పసుపు కారు కొనుక్కొచ్చినాడు. మన ఎండలో, మెడదాకా జిప్పుండే తోలు కోటు వేసుకొని దిగుతాడు. చెమట కారి గడ్డం మీద బొట్లు బొట్లుగా నిలుస్తుంది. తుడుచుకోడు. తుడుచుకుంటే కోటు తప్పని ఒప్పుకున్నట్టవుతుందేమో.

ఆ గురువారం కారు వెనక ఒక గూడ్సు ఆటో కూడా వచ్చింది. దాంట్లో ఎనిమిది చక్రాలు, టైర్లతో సహా.

"మారన్నా, ఆదివారం ట్రాక్ డే" అన్నాడు భరత్.

నేను జీపు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ కోసం చూస్తున్నా.

"ట్రాక్ డే అంటే తెలుసునా నీకు?"

"తెలీదు."

"తమిళనాడు పక్క రేసులు తిప్పే బాట ఉండాది. ఎదురుగా బండి రాదు, ఎద్దు రాదు, హంపు లేదు. దుడ్డు కడితే ఎవురి కారు వాళ్ళు తెచ్చుకొని ఎంత జోరుగానైనా తోలుకోవచ్చు."

"తోలుకోని యాడికి పోతారు?"

"యాడికీ పోరు. చుట్టు తిరిగి మళ్ళా మొదులుపెట్టిన తావుకే వస్తారు."

మా తాత గానుగలో ఎద్దు కూడా ఆ పనే చేసేది. ఆడ నూనైనా వచ్చేది. బుడగ దొరికింది, దాని మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టినా.

"రెండు సెట్లు ఉండాయి. ఏది ఎయ్యాల్నో నువ్వు చెప్పు. బెంగుళూరు టైరు అంగట్లో నాలుగేండ్లు చేసినావంట కదా, శివరాజు చెప్పినాడు."

శివరాజు నా చెల్లెలు ఎల్లక్క కొడుకు. సోలార్ పార్కు గేటు కాడ సెక్యూరిటీ. భరత్‌తో కలిసి బడికి పోయినాడు కాబట్టి ఇప్పుడు భరత్ కారుకి చెక్కలు వేస్తున్నాడు. వాడు నన్ను చూసి నవ్వినాడు. తన మామని ఒకరు సలహా అడుగుతున్నారని వాడికి గొప్పగా ఉన్నట్టుంది.

లేచి చేతులు తుడుచుకొని చూసినా.

మొదటి సెట్టు భరత్ సొంతంగా కొన్నది. పంతొమ్మిది అంగుళాల నల్ల రిమ్ములు, అంచులకి బంగారు రంగు, పెండ్లి చీర మాదిరి. వాటి చుట్టూ టైరు రెండు వేళ్ళ మందం. పట్టీ కట్టినట్టుంది. గీతలు మాత్రం లోతుగా, వంకర వంకరగా, ముగ్గేసినట్టు. కొత్తవి, ఈ సంవత్సరం చేసినవి. వాటిలో దోషమేమీ లేదు, బరువు తప్ప. ఒకదాన్ని ఎత్తితే నడుం పట్టుకుంది. కారు ఇంజను అంత బరువుని తిప్పాల, మళ్ళీ బ్రేకు దాన్ని ఆపాల. ఇంజను బలం సగం ఆ బంగారు అంచుకే అయిపోతుంది.

రెండోది కారు అమ్మినవాడు ఊరికే ఇచ్చిన సెట్టు. పదిహేడు అంగుళాలు, బూడిద రంగు, అక్కడక్కడా గీరుకుపోయి ఉన్నాయి. ఒంటిచేత్తో లేచింది. టైరు వెడల్పుగా, నున్నగా ఉంది. నిలువునా రెండు గీతలే, అంతే. బొటనవేలి గోరు గుచ్చితే దిగి, మెల్లగా పైకొచ్చింది. నేల మీద దొర్లిస్తే ఇసుకా, గులకరాళ్ళూ పాకం మాదిరి పట్టుకొచ్చింది. పక్కన ఉండే నాలుగంకెలు చూసినా, చేసి ఏడాది కూడా కాలేదు. ఇట్లాంటివి బెంగుళూరులో చూసినా. కొంచెం వేడెక్కితే తారును వదలవు. వానలో పనికిరావు, మన రోడ్ల మీద ముండ్లకి ఆగవు. ఎండలో, మంచి తారు మీద వీటిని మించింది లేదు. కారు అమ్మినవాడికి బుద్ధి ఉంది. కొన్నవాడికి లేదని తెలిసే ఊరికే ఇచ్చి ఉంటాడు.

"ఇవి" అన్నా.

భరత్ మొహం వాడిపోయింది. బంగారు అంచుల మీద ఒకసారి చెయ్యి రాసినాడు.

"ఆ అమ్మినాయన కూడా ఇవే అన్నాడు. కానీ చూసేదానికి..."

"చూసేదానికైతే అవి. తోలేదానికైతే ఇవి."

అప్పుడే తిమ్మన్న స్కూటరు దిగినాడు. పంచె మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, చక్రాల చుట్టూ సంతలో కోడెల్ని చూసినట్టు తిరిగినాడు. జేబులో నుంచి అగ్గిపెట్టె తీసి, ఒక పుల్ల నున్నటి టైరు గీతలో దించినాడు. మా పక్క టైరు చూడటం అంటే అదే. పుల్ల తల మునిగితే టైరు మంచిది, మునగకపోతే అరిగిపోయింది. గీతలు నిండుగా ఉండే టైరులో పనికిమాలిన రబ్బరున్నా ఎవరికీ పట్టదు.

పుల్ల తల బయటే ఉండిపోయింది.

"ఏందప్పా ఇవి? గుండు టైర్లు! దుడ్డు పోసి కారు కొన్నోడు గుండు టైర్లేసుకోని పోతాడా? ఏం మారన్నా, నీకు కండ్లు కనపడ్లేదా?"

"ఇవి ఇట్లే ఉంటాయన్నా. తారుకి ఎంత రబ్బరు తగిల్తే అంత పట్టు. గీత ఎక్కువైతే తగిలేది తక్కువ."

అంత పొడుగు మాట నేను నెలకొకసారి కూడా మాట్లాడను. అది కూడా వేస్టయింది. పక్కన టీ కొట్టు సంజీవమ్మ గరిటె పట్టుకొనే వచ్చి చూసింది.

"అబ్బ! నా మొగుని నెత్తి కూడా ఇంత నున్నగా లేదు."

అందరూ నవ్వినారు. శివరాజు కూడా నవ్వబోయి నా వైపు చూసి ఆపుకున్నాడు. భరత్ చెవులు ఎర్రబడినాయి. అయినా అమ్మినాయన చెప్పింది, నేను చెప్పింది ఒకటే కాబట్టి "సరే, ఇవే" అన్నాడు. శనివారం పొద్దున ఎక్కించడానికి మాటయింది. మన రోడ్ల మీద వాటిని తిప్పకుండా కారును లారీ మీద పెట్టి తీసుకుపోతారంట. అంత జోరుగా పోయే కారు, పోవాల్సిన చోటికి లారీ ఎక్కి పోతుంది.

"చక్రాలు ఈడే పెట్టు" అన్నా.

"లేదు, మాయమ్మ ఎనిమిదింటికీ పూజ చేస్తానంటాంది. ఇంటికి తీసకపోతా."

ఎక్కించుకొని పోయినారు. ఆ మాటకి నేను ఇంకొంచెం గట్టిగా అడ్డం పడింటే బాగుండేది.

శుక్రవారం మధ్యాన్నం ఎల్లక్క వచ్చింది. ప్యానెళ్ళ కింద గడ్డి కోసే పని ఆమెది. ఊరి ఆడోళ్ళు ఇరవైమంది తిమ్మన్న ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి పొద్దున పోతారు, సాయంత్రం వస్తారు. ఆ రోజు టిఫిను క్యారియరు, కొడవలి చేతబట్టుకొని మధ్యలోనే నడిచి వచ్చింది. తలకు చుట్టుకున్న తువ్వాలు కూడా విప్పలేదు.

"అన్నా, శివరాజు ఆ కార్లో పక్క సీట్లో కూచుంటాడంట. తోలేటప్పుడు ఫోన్లో ఫిలిం తీసేదానికి. నీకు తెలుసా?"

తెలీదు. చెక్కలు వేసేదానికి పిలుచుకుపోతున్నాడనుకున్నా.

"వద్దని చెప్పే."

"చెప్పినా. 'నువ్వు గడ్డి కోసుకో పో' అన్నాడు. వాడికి కాలో చెయ్యో ఇరిగితే తిమ్మన్న కొడుకు వచ్చి మంచం కాడ కూచుంటాడా? నేను గడ్డి కోసేదా, వానికి గంజి పోసేదా?" కొడవలి పట్టుకున్న చేత్తోనే కండ్లు తుడుచుకోబోయి, కొడవలి చూసుకొని దించింది. "టైర్లు నువ్వే చూసినావంట కదా?"

"చూసినా."

"బాగుండాయా?"

"బాగుండాయి."

"నువ్వు చూసింటే సరేలే."

అంతే. నీళ్ళు తాగి పోయింది. నా మాట మీద కొడుకును ఆ సీట్లో కూర్చోబెట్టి పోయింది.

సాయంత్రం డ్యూటీ దిగి పోతున్న శివరాజుని నేనే పిలిచినా.

"నువ్వు పోవద్దు."

"మామా, గేటు కాడ పన్నెండు గంటలు నిలబడతా. నా ముందర కదిలేది ఏముండాది? నీడ. పొద్దున ఆ పక్క, సాయంత్రం ఈ పక్క. ఒక్క రోజు జోరుగా పోయి చూస్తా. ఒక్క రోజు."

టైర్లు మంచివే కదా అనుకొని ఊరుకున్నా.

శనివారం పొద్దున ఎండ ఎక్కకముందే లారీ వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. డ్రైవరు కిందికి దిగకుండా హారన్ కొడుతున్నాడు. తిమ్మన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చినాడు. ఊళ్ళో పనిలేనివాళ్ళందరూ వచ్చినారు, అంటే చానామందే వచ్చినారు. శివరాజు ఎవరిదో హెల్మెట్ అప్పుడే పెట్టుకొని ఉన్నాడు. లారీ ఆడికి చేరేది రాత్రికి, కారు తోలేది రేపు. వాడు మాత్రం హెల్మెట్లో నుంచే టీ తాగడానికి తంటాలు పడుతున్నాడు.

గూడ్సు ఆటోలో ఎనిమిది చక్రాలూ వచ్చినాయి. పసుపు, కుంకుమ, ఒక్కోదానికి ఒక చామంతి దండ. నేను బూడిద రంగు చక్రం ఒకటి దించి, దండ తీసి, కుంకుమ తుడిచినా.

నున్నటి టైరు మీద గీతలు ఉన్నాయి.

అడ్డంగా, వంకరగా, మా ట్రాలీ టైర్ల మీద ఉండే మాదిరి. కోసిన చోట రబ్బరు కొత్తగా, తడిగా మెరుస్తోంది. కాలిన వాసన ఇంకా పోలేదు. రెండోది దించినా, మూడోది, నాలుగోది. అన్నీ అట్లే.

"ఎట్లుండాది మారన్నా?" భరత్ వెనక నుంచి వచ్చినాడు. "ఇప్పుడు ఎవురన్నా గుండు అనమను."

"ఎవురు కోసినారు?"

"పావగడలో. మా నాయనే చెప్పినాడు. మా ట్రాలీ టైర్లు అరిగితే నువ్వు కోసిండ్లా? అట్లే కోపిచ్చమన్నాడు."

అది నిజమే. కరెంటు పెడితే ఎర్రగా కాలే వంకర బ్లేడు నా అంగట్లోనూ ఉంది. అరిగిపోయిన లారీ టైర్లకి, ట్రాలీ టైర్లకి దాంతో గీతలు కోసి కొత్త మొహం పెట్టి పంపినా, లెక్కలేనన్ని. లారీ టైరుకి మందం ఉంటుంది, కొంత కోసినా లోపల రబ్బరు మిగులుతుంది. మిగలనివి కూడా కోసినా. ట్రాలీ నడిచేది ఎద్దు నడకే కదా అని కోసినా.

మేకు తీసుకొని ఒక గీతలో గీరినా. చివర సన్నగా తెల్లగా మెరిసింది. తీగ. ఆ టైరుకి ఉండేదే వేలి గోరంత రబ్బరు. దాన్ని కోసినవాడు లోపలి తీగదాకా పోయినాడు. నాలుగింటిలో కలిపి పదకొండు చోట్ల కనబడింది. చూడకుండా పోయినవి ఎన్నో.

"భరతప్పా, ఈడ చూడు. తీగ. ఈ టైరు చచ్చిపోయింది. జోరు మీద వేడెక్కితే పైనుండే రబ్బరు చర్మం ఒలిచినట్టు లేచిపోతాది."

"అది కంపెనీవాళ్ళు ఏసిన గుర్తులేప్పా."

"గుర్తు కాదు, తీగ."

"రాత్రే ఫోటో పెట్టినా మారన్నా. మూడొందలమంది చూసినారు. ఎక్కించు గమ్మున. లారీ వాడు పోతానంటాండాడు."

"నేను ఎక్కించను."

తిమ్మన్న తుమ్మకాయ మాదిరి ఎండిన నవ్వు నవ్వినాడు. "నువ్వు ఎక్కించకుంటే పోతాదా? కోసినోడు పావగడలో ఉండాడు. వాడే ఎక్కిస్తాడు. లారీ ఎట్లా ఆ దావనే పోవాల."

ఎక్కిస్తాడు. తీగ దాకా కోసిన చెయ్యికి నాలుగు నట్లు బిగించడం ఒక లెక్కా? రేసు బాట కాడ చూసేవాళ్ళు ఉంటారు. చూస్తే చూస్తారు, లేకపోతే హెల్మెట్ ఉందా, బెల్టు ఉందా అని అడిగి పంపిస్తారు. దాని మీద మనిషిని వదలలేను.

శివరాజు కాడికి పోయి హెల్మెట్ కిటికీ పైకెత్తినా. "హెల్మెట్ తియ్యి. నువ్వు పోవద్దు."

"మామా, ఊరంతా చూస్తాండాది" అన్నాడు లోపల నుంచి. కిటికీ మళ్ళీ దించుకున్నాడు.

తిరిగి వచ్చి చక్రాల మధ్య నిలబడినా. తిమ్మన్నను చూసినా, కొడుకును చూసినా. వీళ్ళకి తీగ చూపించి లాభం లేదు. వీళ్ళు ఏ పనీ అది మంచిదని చేసినవాళ్ళు కాదు, చెడ్డదని మానినవాళ్ళు కాదు. ఎవరో చూస్తారని చేస్తారు, ఎవరో నవ్వుతారని మానతారు. గుండు అని నలుగురు నవ్వినందుకు మంచి టైర్లని కోసి చంపినవాడికి రబ్బరు సంగతి చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

ఆటోలో పంతొమ్మిది అంగుళాల చక్రాలు చామంతి దండలేసుకొని కూర్చొని ఉన్నాయి. బరువు, దండగ, పెండ్లి చీర అంచు. కానీ లోపల తీగ కనబడని టైర్లు.

"భరతప్పా" అన్నా. "తప్పు నాది."

వాడు ఫోన్లో నుంచి తలెత్తినాడు.

"మొన్న నేను చెప్పింది తప్పు. ట్రాక్టర్ల మధ్య ఉండేటోణ్ణి, ఇట్లాంటి కార్ల సంగతి నాకేం తెలుసు? చిన్న చక్రాలేస్తే బండి పాత టాక్సీ మాదిరి ఉండాది. ఆడికి బెంగుళూరోళ్ళు కెమెరాలు తెచ్చుకోని వస్తారు. ఆ బంగారు అంచులేస్తే, అందరూ నీ బండి కాడికే వస్తారు."

సంజీవమ్మ గరిటె గిన్నెలోనే నిలబడిపోయింది.

"ఏంది మారన్నా, పొద్దున్నే సారాయి ఏమన్నా తాగినావా?" అంది.

"నేను మొన్ననే చెప్పలా!" తిమ్మన్న తొడ మీద చరుచుకున్నాడు. "చెప్పలా నేను? టైర్ల అంగడి పెట్టుకుంటే సరిపోతాదా, తెలుసుండాల."

భరత్ మొహం విచ్చుకుంది. మొదట్నుంచీ వాడికి కావాల్సింది అవే. అవి వెయ్యమని ఒకరు చెప్పాలంతే. కానీ ఊరికే ఒప్పుకుంటే వాడు తిమ్మన్న కొడుకెట్లా అవుతాడు?

"ఉండు ఉండు. ఈ మాట మళ్ళా చెప్పు. వీడియో తీస్తా."

ఫోన్ నా మొహానికి ఎదురుగా పెట్టినాడు. "పేరు చెప్పి మొదులుపెట్టు."

నేను చేతులు తుడుచుకున్నా. అవి మురికిగానే ఉన్నాయి, మురికి పోలేదు. "నా పేరు మారన్న. వల్లూరు క్రాసులో టైర్ల అంగడి. భరత్‌కుమార్‌కి నేను టైర్లు తప్పు చెప్పినా. నాకు తెలీదు. ఆయప్ప చెప్పిందే సరి."

"ఇంగ రొవ్వంత గట్టిగా. లారీ చప్పుడులో వినపడ్లా."

గట్టిగా చెప్పినా. ఎవరో ఈల వేసినారు. హెల్మెట్ కిటికీ మెల్లగా పైకి లేచింది, శివరాజు కండ్లు కనబడినాయి. వాడు నన్ను చూసి తల తిప్పుకున్నాడు. వాడికి సిగ్గయింది. కాళ్ళూ చేతులతో ఉండి సిగ్గుపడనీ.

తరవాత నాకు తెలిసిన పని నేను చేసినా. బంగారు అంచుల చక్రాలు నాలుగూ లోపలా బయటా చెయ్యి పెట్టి తడిమి, ఎక్కించి, నట్లు ఒకదానికి ఎదురు ఒకటి బిగించి, గాలి చూసినా. ఒక దాంట్లో నాలుగు పాయింట్లు తక్కువ ఉంది, సరిచేసినా. అదేమీ ఫోన్లోకి ఎక్కలేదు.

"ఈ గుండు టైర్లు ఏం చేస్తావు?" అన్నా.

"నీకే. నువ్వు మెచ్చుకున్నావు కదా, పెట్టుకో."

మళ్ళీ నవ్వు. చెక్కల మీద నుంచి కారు మిట్ట దిగి, లారీ మీదికెక్కింది. శివరాజు డ్రైవరు పక్కన కూర్చున్నాడు, హెల్మెట్ తియ్యకుండానే. లారీ మలుపు తిరిగిందాకా చూసి, లోపలికి వచ్చి కొక్కెం కత్తి తీసినా. నాలుగు టైర్ల పక్కలూ ఒక్కో చోట కోసినా. భరత్ మళ్ళీ అడిగినా, ఇంకెవరు ఏరుకుపోయినా, ఆ టైర్లు ఇంక యాడా తిరగవు. అంత మంచి రబ్బరు. కత్తికి వెన్న మాదిరి తెగింది.

సోమవారం పొద్దున శివరాజు వచ్చినాడు. కుంటలేదు. నడక చూసినాకే మొహం చూసినా. స్టూలు లాక్కొని కూచున్నాడు.

"ఎట్లా అయింది?" అన్నా.

"అందరికంటే వెనక మేమే మామా. నాలుగుసార్లు తోలినాడు. నాలుగుసార్లూ వెనకే. ఒక ముసిలాయప్ప చిన్న తెల్ల కారు, మన ఆసుపత్రి డాక్టరు కారు మాదిరిది, రెండు చుట్లు అయ్యేసరికి మమ్మల్ని దాటి పోయినాడు. పోతా పోతా చెయ్యి ఊపినాడు."

"తిమ్మన్న కొడుకు ఏమన్నాడు?"

"సైలెన్సరు మార్చాలంట."

సంజీవమ్మ అక్కడ నుంచే నవ్వింది. "ఫోటోలన్నా బాగొచ్చినాయా?"

"శానా బాగొచ్చినాయి" అన్నాడు శివరాజు. అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "మామా, ఆడ బాగా పోయే బండ్లన్నిటికీ గుండు టైర్లే. చిన్న చక్రాలే. ఆ ముసిలాయప్పకి కూడా. నేను కిందికి వంగి చూసినా."

నేను ట్యూబుకి గమ్ము పూస్తున్నా.

"నీకు తెలుసు కదా?"

గమ్ము ఆరే దాకా నోరు తెరవకపోతే మంచిది. పట్టీ వేసి అదిమినా.

"ఆ చెక్కలు తీసి గోడకి పెట్టు" అన్నా. "శనివారం నుంచి ఆడే పడుండాయి."

వాడు లేచి, చెక్కలు గోడకి పెట్టి, వెనక మూలలో ఉన్న నాలుగు టైర్ల కాడ వంగినాడు. గీతలో వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి తీగ గుచ్చుకున్నట్టుంది, నోట్లో పెట్టుకున్నాడు. అట్లే డ్యూటీకి పోయినాడు.

వీడియో తాలూకా అంతా తిరిగింది. పంక్చరుకి వచ్చినవాళ్ళు మొదట నా మొహం చూస్తారు, తరవాత బోర్డు చూస్తారు, తరవాత నవ్వు దాచుకుంటారు. కంపెనీ జీపు డ్రైవరు ఒకడు "సరిగ్గా చూసి ఎయ్యన్నా" అన్నాడు. పదేండ్లుగా వాడికి వేస్తున్నా. మంగళవాడ నుంచి ఒకాయన వచ్చి, టైరు నాకిచ్చి, నేను పని చేసినంతసేపూ ఫోన్లో ఎవరినో అడుగుతా కూర్చున్నాడు. కానీ అననీ. ఇట్లాంటి వాళ్ళ దగ్గర తెలిసినోడనిపించుకొని ఇరవయ్యారేండ్లు సంబరపడిన నాకు కూడా బుద్ధి ఉన్నట్టు లేదు.

గురువారం తిమ్మన్న ట్రాక్టరు వచ్చింది, ట్రాలీతో సహా. తిమ్మన్నే ముందు స్కూటరు మీద వచ్చి నిలబడినాడు. ట్రాలీ టైర్లు రెండూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి. నేను పోయినేడు కోసిన గీతలు కూడా అరిగిపోయినాయి. ఒక పక్క దారం పోగులు పైకి లేచి ఉన్నాయి. పొద్దున పొద్దున ఇరవైమంది ఆడోళ్ళు నిలబడి పోయేది ఈ టైర్ల మీదనే. ఎల్లక్క నిలబడేది వెనక తలుపు కాడ.

"మారన్నా, బ్లేడు కరెంటుకి పెట్టు. మధ్యాన్నానికి ట్రాలీ కావాల" అన్నాడు.

ఆయన జేబులో అగ్గిపెట్టె ఉబ్బెత్తుగా కనబడుతోంది. నేను లేవలేదు.

"నేను కొయ్యనన్నా."

"యాల?"

"నాకు టైర్ల సంగతి తెలీదు కదా. వీడియోలో చెప్పినా. మీరూ ఆడే ఉంటిరి."

సంజీవమ్మ కొట్టులో ఎవరో టీ మింగలేక దగ్గినారు. తిమ్మన్న దవడ ఒకసారి కదిలింది.

"పరాచికాలా? పావగడలో కోపిచ్చుకోలేననుకున్నావా?"

"కోపిచ్చుకోండి. ట్రాలీలో ఎక్కే ఇరవైమంది ఆడోళ్ళకి మాత్రం ఎవురు కోసినారో, యాడ దాకా కోసినారో నేనే చెప్తా. దారం చూపించి చెప్తా. వాళ్ళకి ఫోటో అక్కర్లేదు, చూస్తే అర్థమైతాది. రేపట్నుంచి నడిచే పోతారు, మీ ట్రాలీ బాడుగ కంపెనీ ఎవురికిస్తాదో మీరే చూసుకోండి."

అది నేను మాట్లాడిన ఇంకో పొడుగు మాట. ఇది వేస్టు కాలేదు. తిమ్మన్న ట్రాలీ టైర్ల వైపు చూసినాడు. అగ్గిపుల్ల తియ్యలేదు. తీసి పెట్టేదానికి గీత కూడా లేదు.

"కొత్తవి యాడ దొరుకుతాయి?" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"నన్ను అడగొద్దన్నా. తెలిసినోళ్ళని అడుగు."

స్కూటరు తన్ని తన్ని స్టార్టు చేసుకున్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగి, ఖాళీ ట్రాలీని ఈడ్చుకుంటా మిట్ట దిగిపోయింది. దానికి చెక్కలు అక్కరలేదు.

నేను టైర్లు కోసే బ్లేడు కరెంటు వైరు గోడలో నుంచి పీకి, చుట్ట చుట్టి, బ్లేడుతో సహా ఆ నాలుగు టైర్ల నడుమ పడేసినా.